చిత్రము మూలనున్న పేరు

(మన సంఘము వారపు సమావేశమున, రాయకోటలో గావించిన ఉపన్యాస పాఠము)



ఒక చిత్రకారుని జీవితమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము కోరిరి. చిత్రకారుడనగానే రవివర్మను గూర్చి చెప్పుదుమని మీలో కొందరు తలచియుందురు. ఆయన పటము లేని యిల్లు మన పేటలలో అరుదు. ఆయనను గూర్చి మేము క్రొత్తగా చెప్పదగినది లేదు. మేము చెప్పబోవు చిత్రకారుని పేరు ఈ సభలో ఒకరిద్దరైన వినియుందురో లేదో సందేహమే. ఆయన పేరు రంగయ్య. ఆయన తెలుగువాడు. తంజావూరి చిత్రకారుల సంప్రదాయమున పెరిగినవాడు. రమారమి ఇరువది సంవత్సరములు ఈ దక్షిణదేశపు చెట్లను, తీగలను, పూవులను, కాయలను వెండ్రుకవాసి తప్పకుండ కాగితముపై నిలిపినవాడు. ఆయన బొమ్మలు నేడు స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో భద్రముగా నున్నవి. మన యిండ్లలో మాత్రము ఆయన ఊసు లేదు.

మన కొండనుండియే మొదలిడుదము. 1791వ సంవత్సరము జూలై మాసమున మేజర్ గౌడీ నడిపిన కంపెనీ సేన టిప్పు సుల్తాను వశముననున్న రాయకోట దుర్గమును పట్టుకొనెను. మరుసటి యేడు శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు సీమ కంపెనీపాలైనది. ఆ 1792లోనే తామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం డేనియల్ అను ఇరువురు ఆంగ్ల చిత్రకారులు ఈ త్రోవను దక్షిణమునకు పోవుచు మన కొండను చూచి చిత్రించుకొనిరి. ఆ చిత్రము తరువాత లండనులో ‘ఓరియంటల్ సీనరీ’ యను గొప్ప చిత్రమాలలో అచ్చుపడినది. ఆ మాలలోనే హోసూరి చిత్రమును కలదు. మనము ప్రతిదినము చూచుచు చూడక పోవుచున్న ఈ రాతికొండను రెండువందల యేండ్లకు పూర్వమే సముద్రముల కావలివారు పుస్తకము తెరచి చూచిరి.

ఆ ఇరువురి పేర్లును చిత్రముతోపాటు నిలిచినవి. వారు ఈ దేశమున తిరుగుచున్న ఆ దినములలోనే తంజావూరునందును, తిరుచిరాపల్లియందును, హైదరాబాదునందును మన చిత్రకారులు అనేకులు బొమ్మలు వ్రాయుచుండిరి. వారి బొమ్మలున్నవి, అందు పెక్కింటికి కర్తల పేర్లు లేవు. ‘తంజావూరు పటము’, ‘గోలకొండ చిత్రము’ అని ఊరిపేరుతో పిలుతుము గాని, అది ఎవరి చేతిపని యన్నది చెప్పజాలము. ఈ దురదృష్టమునకు లోనుగాని కొద్దిమందిలో రంగయ్య యొకడు. ఆయన పేరెట్లు నిలిచినది? మనకు ఆ కథతో పనియేమి? ఈ రెండు ప్రశ్నలకే నేటి మా ప్రసంగము.

తంజావూరిని 1532 మొదలు 1673 వరకు నాయకరాజులేలిరి. వారు తెలుగువారు. వారి కొలువులో తెలుగు కావ్యములు, యక్షగానములు వెలసినవి. ఆ కాలముననే పలువురు తెలుగు కుటుంబములవారు ఉత్తరమునుండి కావేరీతీరమునకు చేరిరి. చిత్రకారులును వారిలో కలరు. రాజులని పేరుపొందిన ఈ చిత్రకారుల కుటుంబములు నాయకుల పాలన ముగిసి మరాఠా ప్రభువులు వచ్చినను తమ వృత్తిని, తమ యింటి తెలుగును విడువలేదు. మరాఠా ప్రభువుల కాలమునను ఆ నేలపై తెలుగునకు లోటు రాలేదు. త్యాగరాజస్వామి 1767 మొదలు 1847 వరకు జీవించి తిరువయ్యారున తెలుగున కృతులు పాడెను. మన రంగయ్య పనిచేసిన కాలము స్వామివారి కడపటి దశాబ్దములతో కలియుచున్నది. ఒకరు నాదమున, ఒకరు రేఖలో. ఒకరిని లోకమంతయు నెరుగును; రెండవవారిని మనమే యెరుగము.

తంజావూరి చిత్రకారుల పని మీకు క్రొత్తగాదు. పనసచెక్క పలకపై గుడ్డ నతికించి, చింతగింజల జిగురును సుద్దపొడిని కలిపి మెత్తి, ఉబ్బెత్తుగా నగలను తీర్చి, బంగారు రేకు నద్ది, రాళ్లు పొదిగిన కృష్ణుని పటము మనలో అనేకుల పూజాగృహములలో నున్నది. అయితే ఆ చేతులు పెద్ద పటములకే పరిమితములు కావు. కాగితముపైనను, అభ్రకపు రేకుపైనను, దంతపు బిళ్లపైనను అరచేతిలో నిమిడెడు సూక్ష్మచిత్రములను వారు వ్రాసిరి. ఉడుత వెంట్రుకల కుంచె, నిలుకడగల చేయి, తడబడని చూపు, ఇవియే వారి మూలధనము. ఆంగ్లేయులు తమ దస్తావేజులలో వీరిని ‘మూచీ’లని వ్రాసిరి. తోలుపని చేయువారికిని, పుస్తకములకు అట్టలు కట్టువారికిని, చిత్రకారులకును ఒక్కటే మాట. పిలుపులోనే పేరు మాసిపోవుటకు దారి యేర్పడినది.

పూవును ఉన్నదున్నట్లు చిత్రించుట పరదేశులు వచ్చి మనకు నేర్పినదని యనుకొనరాదు. 1605 మొదలు 1627 వరకు ఏలిన జహంగీరు చక్రవర్తి కొలువులో ఉస్తాద్ మన్సూర్ అను సూక్ష్మచిత్రకారుడు పక్షులను, మృగములను, పూవులను ప్రాణముతో నున్నట్లు వ్రాసెను. చక్రవర్తి ఆయనకు ‘నాదిర్-ఉల్-అస్ర్’, అనగా తన కాలమున సాటిలేనివాడు, అను బిరుదమిచ్చెను. మన్సూర్ కాశ్మీరమున నూటికి పైబడి పూవులను చిత్రించెనని జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసియుంచెను. ప్రభువు స్వయముగా పేరు పెట్టి చెప్పినందున మన్సూర్ పేరు మనకు దక్కినది. ప్రభువు చెప్పనిచో ఏమగునో ఇక వినుడు.

కంపెనీ వైద్యులకు మొక్కలపై ఆసక్తి యుండుటకు కారణములు పెక్కు. ఆనాటి మందులు చాలవరకు మొక్కలనుండి వచ్చినవే. నీలి, ప్రత్తి, మిరియము వంటి పంటలపై కంపెనీకి లాభాపేక్ష గలదు. ఇక శాస్త్రజిజ్ఞాస వేరు. మొక్కను కోసి, కాగితముల నడుమ నొత్తి, ఎండబెట్టి ఐరోపాకు పంపుదురు. ఎండిన మొక్కకు రంగు పోవును, పూరేకులు నలిగిపోవును. పచ్చిమొక్క యెట్లుండునో చెప్పుటకు చిత్రము తప్ప వేరు సాధనము లేదు. ఛాయాచిత్రకళ యింకను పుట్టని కాలమది. అందుచేత ప్రతి వైద్యునికిని ఒక చిత్రకారుడు కావలసివచ్చెను.

గోదావరి మండలమందలి సామర్లకోటలో విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు తోట వేసి, స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. వానినుండి యెన్నిక చేసిన 300 చిత్రములు ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథముగా 1795 మొదలు 1820 వరకు లండనులో వెలువడెను. వృక్షశాస్త్రజ్ఞులు నేటికిని ఆ గ్రంథమును తిరుగవేయుదురు. అందు వైద్యుని పేరున్నది, ప్రచురణ నడిపించిన సర్ జోసెఫ్ బ్యాంక్స్ పేరున్నది. ఆ బొమ్మలు వ్రాసిన తెలుగు చేతుల పేర్లు లేవు. మూడువందల చిత్రములలో ఒక్కదాని మూలనైన ఒక్క తెలుగు పేరు కానరాదు. ఈ సంగతి మనసులో నుంచుకొనిననే రంగయ్య కథ విలువ తెలియును.

రాబర్ట్ వైట్ 1796లో స్కాట్లండులో జన్మించి, 1819లో కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. 1826లో చెన్నపట్టణ ప్రభుత్వము ఆయనను ప్రకృతిశాస్త్ర పరిశోధకునిగా నియమించెను. ఆ 1820 దశకపు నడిమి భాగముననే రంగయ్య ఆయనయొద్ద పనిలో చేరెను. 1828లో ప్రభుత్వము ఖర్చు తగ్గించుటకై ఆ యుద్యోగమును రద్దుచేసెను. వైట్ నాగపట్టణమునకు సైన్యవైద్యుడుగా పోవలసివచ్చెను. ఉద్యోగము పోయినను బొమ్మలపని ఆగలేదు. అచ్చటినుండి వైట్, గ్లాస్గో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడగు విలియం హూకరునకు మొక్కలను చిత్రములను పంపెను. హూకరు తాను నడుపుచున్న శాస్త్రపత్రికలో 1830 తరువాతి యేండ్లలో రంగయ్య చిత్రములను చెక్కించి ప్రకటించెను. కావేరీతీరపు చేతిపని క్లైడునదీతీరమున అచ్చుపడినది.

రంగయ్యకు అలవడిన పని వేరు, వైట్ కోరిన పని వేరు. తంజావూరి పటమున కృష్ణుడు పెద్దగా నుండును, చుట్టునున్నవారు చిన్నగా నుందురు. భక్తి యెక్కడ నిలువవలెనో అక్కడ కొలత పెరుగును. మొక్క చిత్రమున అట్టి స్వాతంత్ర్యము లేదు. కొమ్మ యెంతయున్నదో అంతయే వ్రాయవలెను. ఆకు కొస, ఈనెల వరుస, తొడిమపై నూగు, ఏదియు విడువరాదు. చిత్రము క్రిందిభాగమున పూవును నిలువుగా కోసి, కేసరములను, అండాశయమును, గింజను సూక్ష్మదర్శినిలో కనబడునట్లు పెద్దవిగా చేసి వ్రాయవలెను. ఒక రేకు ఎక్కువైనచో మొక్క కులమే మారిపోవును. నగలలోని ముత్యములను లెక్క తప్పక పొదుగుటకు అలవడిన కన్ను కేసరములను లెక్క తప్పక గీచెను. వృత్తిలోని ధర్మము మారలేదు, వస్తువు మారినది. తెలియని పనిని తెలిసిన చేతితో పట్టుకొనుట యన నిదియే.

1831లో వైట్ సెలవుపై స్వదేశమునకు పోయి, 1834లో మిత్రుడగు వాకర్ ఆర్నటుతో కలిసి దక్షిణదేశపు మొక్కల వర్ణనగ్రంథమును ప్రకటించి, ఆ యేడే తిరిగి వచ్చెను. బళ్లారిలో కొంతకాలము సైన్యవైద్యుడుగా నుండి, 1836లో రెవిన్యూశాఖకు మారి, 1842 మొదలు కోయంబత్తూరున ప్రత్తిసాగు పరీక్షల బాధ్యత వహించెను. ఈ కాలముననే ఆయన తలపెట్టిన పెద్దపని మొదలైనది. చిత్రములను ఐరోపాకు పంపి రాగిరేకులపై చెక్కించుట మిక్కిలి ఖర్చుతో కూడినది. అందుచేత ఆయన వానిని మన దేశముననే రాతి అచ్చు వేయింప నిశ్చయించెను.

రాతి అచ్చు సంగతి నేటి పిల్లలకు తెలియదు గనుక రెండు మాటలలో చెప్పుదుము. నున్నగా నూరిన సున్నపురాతి పలకపై జిడ్డుగల సిరాతో బొమ్మ గీయుదురు. పలకను నీటితో తడిపినచో గీతలున్నచోట జిడ్డు నీటిని అంటనీయదు. తక్కినచోట తడి నిలుచును. పిమ్మట నూనెసిరాను పూసినచో అది గీతలనే పట్టుకొని తడినేలను విడుచును. దానిపై కాగితముంచి ఒత్తినచో బొమ్మ దిగును. చెక్కుడువాని చేతిలో చిత్రకారుని గీత మారిపోవు భయము ఇందు తక్కువ.

ఇట్లు 1838లో రెండు గ్రంథములు ఒక్కసారి ఆరంభమైనవి. మొదటిది ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ బాటనీ’. దాని చిత్రములకు చేతితో రంగులద్దిరి. రెండవది ‘ఐకోనెస్ ప్లాంటారం ఇండియే ఓరియెంటాలిస్’, అనగా తూర్పు ఇండియా మొక్కల చిత్రములు. ఇది 1853 వరకు ఆరు సంపుటములుగా వెలువడినది. ఇందలి చిత్రఫలకముల సంఖ్య 2101. రంగులద్దుటకు వ్యయమెక్కువగుటచేత వీనిని గీతలతోనే ముద్రించిరి. రంగు లేనిచో చిత్రకారునికి దాగుటకు చోటుండదు. గీత ఒక్కటియే మాటలాడవలెను. ఈ గ్రంథపు పుటలు తిరుగవేసినవారికి సూక్ష్మచిత్రకారుని అసలు బలము రంగులో గాక రేఖలో నున్నదని విశదమగును.

ఇప్పుడు మా ప్రసంగమునకు ప్రాణమైన సంగతికి వచ్చితిమి. ఆ గ్రంథమున అనేక ఫలకముల అడుగు మూలన చిన్న అక్షరములతో ‘రంగయ్య’ అని ఆంగ్లలిపిలో నున్నది. దాని ప్రక్కన ‘చిత్రించెను’ అను అర్థము గల లాటిన్ మాట సంగ్రహముగా నున్నది. ఐరోపా చిత్రకారుని పేరెట్లు వేయుదురో అట్లే ఈయన పేరును వేసిరి. సామర్లకోట చిత్రకారులకు దక్కని మర్యాద నలువది యేండ్ల తరువాత రంగయ్యకు దక్కినది. యజమానుడు జీతమిచ్చువాడు, ఈయన జీతము పుచ్చుకొనువాడు. ఆ తేడాను మేము కప్పిపుచ్చుట లేదు. కంపెనీ రాజ్యమున తోటలకును, పొలములకును, పుస్తకములకును పెత్తనము ఎవరిదో అందరెరుగుదురు. అయినను పని చేసినవాని పేరు పనిపై నుండవలెనని వైట్ తలచెను. ఒక్క వంగుడు గీతంత సిరా ఖర్చు. దానివలన ఒక మనిషి నిలిచెను.

1845 ప్రాంతమున రంగయ్య పేరు ఫలకములపై ఆగిపోయి, గోవిందు పేరు మొదలగును. వయోభారముచేత రంగయ్య విరమించెనో, కాలము చేసెనో చెప్పు లేఖనము లేదు. గోవిందు గీత మరింత సన్నము, మరింత నిబ్బరము గలది. వైట్ 1853లో పదవి విరమించి స్వదేశమునకు పోవుటకు ముందు, తన గ్రంథపు చివరి సంపుటమున, అడవినీడలలో నేలపై మొలచు ఒక జాతి ఆర్కిడు మొక్కకు క్రొత్త ప్రజాతినామము పెట్టెను. ఆ పేరు ‘గోవిందూయియా’. రాజులకును, గవర్నరులకును, శాస్త్రజ్ఞులకును దక్కెడు గౌరవము ఒక తెలుగు చిత్రకారునికి దక్కెను. అయితే ఆ మొక్క అంతకు పూర్వమే పేరుగన్న ‘ట్రోపీడియా’ అను ప్రజాతిలోనిదని తరువాతివారు తేల్చిరి. ముందు పెట్టిన పేరే చెల్లవలెనని శాస్త్రనియమము. కావున గోవిందుని పేరు వాడుకనుండి తొలగి పర్యాయనామముల పట్టికలోనికి పోయెను. పోయినను చెరిగిపోలేదు. ఆ మొక్కను గూర్చి వ్రాయు ప్రతి శాస్త్రజ్ఞుడును ఆ పట్టికను చూడక తప్పదు.

ఆ పేరులోని ఒక అక్షరమును మీరు గమనింపవలెనని మా కోరిక. తమిళ సోదరులు గోవిందన్ అందురు, కన్నడ సోదరులు గోవింద యందురు. తుదిని ‘ఉ’ పెట్టి గోవిందు అనువారము మనము. ఆంగ్లేయుడు తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను గాని దిద్దలేదు. అందుచేత మన యింటి ‘ఉ’కారము ఆంగ్లలిపిలోనికి పోయి, అక్కడినుండి లాటిన్ భాషలోనికి పోయి, ఆర్కిడు పేరులో కూర్చున్నది. మన పిల్లల పేర్లు బడిపుస్తకములలో, రేషనుకార్డులలో, ఓటరుల పట్టికలలో ఎట్లెట్లు మారుచున్నవో మీకు తెలియును. వ్రాసినవారి తప్పు అని మనము విసుగుకొందుము. మన పేరు ఎట్లు వ్రాయవలెనో మనము నిలిచి చెప్పినామా యని ఎన్నడైన తలచితిమా?

వేలూరు మనకెంతో దూరములేదు. అచ్చట 1830 దశకమున ఎల్లప్ప యను చిత్రకారుడుండెను. ఆయన తాను బొమ్మ వ్రాయుచున్నట్లు తన రూపమును తానే చిత్రించుకొనెను. అది నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో నున్నది. ఇతరుల రూపములు వ్రాసి జీవించినవాడు, తానును ఒకడున్నానని ఒక్కసారి లోకమునకు చెప్పుకొనెను. ఆ కోరిక తప్పనువారెవరు?

వైట్ 1872లో మరణించెను. ఆయన సేకరించిన చిత్రములలో ఏడువందలకు దగ్గరగా ఎడింబరో రాజోద్యానమునకు చేరినవి. మరికొన్ని లండనులో నున్నవి. శతాబ్దమునకు పైగా వానిని శాస్త్రజ్ఞులు మొక్కల కొరకు చూచిరే గాని చిత్రకారుల కొరకు చూడలేదు. ఎడింబరో ఉద్యానమున పనిచేసిన హెన్రీ నాల్టీ అను వృక్షశాస్త్రజ్ఞుడు వానిని వరుసగా పరిశోధించి 2007లో మూడు సంపుటములు ప్రకటించెను. అందొకదాని శీర్షికలోనే రంగయ్య గోవిందుల పేర్లున్నవి. 2019 డిసెంబరున లండనులోని వాలెస్ కలెక్షనులో కంపెనీకాలపు భారతీయ చిత్రకారుల ప్రదర్శనము జరిగెను. దానికి పెట్టిన పేరు ‘మరువబడిన మహాచిత్రకారులు’ అని యర్థమిచ్చునది. మరచినవారెవరని అడిగినచో, లండనువారు మాత్రమే గాదని మేమొప్పుకొనవలెను.

రంగయ్య పుట్టినయేడు చరిత్రలో లేదు. ఆయన తల్లిదండ్రులెవరో, భార్యాబిడ్డలెవరో, ఏ వీథిలో నివసించెనో ఏ గ్రంథమును చెప్పదు. మూలనున్న పేరు, పేరు ప్రక్కనున్న గీత, ఇవియే ఆయన జీవితచరిత్ర. ఇంతమాత్రమే మిగిలినదని చింతింపవచ్చును. ఇంతైనను మిగిలినదని సంతోషింపవచ్చును. మాకు రెండును కలుగుచున్నవి. కారణమేమనగా, ఇంతమాత్రమును మేము మా యింటిలో మిగుల్చుకొనలేకపోతిమి.

ఆ సంగతి చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నను చెప్పెదము. మా యింటిలో శ్రీరామ పట్టాభిషేకపు పటమొకటి మా ముత్తవ్వగారి పుట్టినింటినుండి వచ్చినది. పనసపలకపై వ్రాసిన పాతపని. పటము వెనుక తెలుగు అక్షరములతో రెండు వరుసలుండెడివి. మేము బాల్యమున చూచితిమి. చివర ‘రాజు’ అను మాట మాత్రము జ్ఞాపకమున్నది. దానికి ముందేమున్నదో చదువలేదు. పెద్దలు బ్రదికియుండగా అడుగను లేదు. పలకకు చెద పట్టగా దానిని బాగుచేయుటకు ఇచ్చితిమి. పనివాడు వెనుకటి చెక్క తీసి, క్రొత్త చెక్క వేసి, చట్టము బిగించి తెచ్చియిచ్చెను. రాములవారు మిలమిల మెరయుచుండిరి. వ్రాత పోయినది. పాత చెక్క ఏదని అడుగగా పొయ్యిలోనికి పోయినదని చెప్పెను. తప్పు వానిది కాదు. అది చదువదగినదని వానితో మేము చెప్పలేదు. అరువది యేండ్లు కండ్లయెదుటనున్న రెండు పంక్తులను చదువని మేము వానినేమని నిందింతుము?

ఇట్టి నష్టము అందరికిని కలుగలేదు. హిమాలయ ప్రాంతమందలి గులేరు సంస్థానమున పదునెనిమిదవ శతాబ్దమున నయిన్‌సుఖ్ అను గొప్ప సూక్ష్మచిత్రకారుడుండెను. ఆయన బొమ్మలు ప్రసిద్ధములే గాని, ఆయన కుటుంబ వివరములు చాలకాలము తెలియలేదు. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన బి. ఎన్. గోస్వామి హరిద్వారమునకు పోయి, అచ్చటి పండాల బహీలను, అనగా యాత్రికుల వంశములు వ్రాసిపెట్టు ఖాతాపుస్తకములను, వెదకెను. అస్థులు కలుపుటకు పోయిన చిత్రకారులు తమ తండ్రుల తాతల పేర్లు అందు వ్రాసిపోయిరి. ఆ వ్రాతల సాయమున తండ్రి సేవు, అన్న మానకు, తమ్ముడు నయిన్‌సుఖ్, వారి కొడుకులు మనుమలు ఒక వంశవృక్షముగా లేచి నిలిచిరి. గోస్వామి 1968లో ప్రకటించిన ఆ పరిశోధన పహాడీ చిత్రకళా చరిత్రనే మార్చివేసినది. రాజు వ్రాయించిన శాసనము కాదది. యాత్రకు పోయిన గృహస్థు తన చేతితో వ్రాసిన నాలుగు పేర్లు.

సోదరులారా, మనము ఈ సీమకు నిన్న వచ్చినవారము కాము. తరతరములుగా ఈ నేల దున్నుచున్నాము, ఈ కొండక్రింద బ్రదుకుచున్నాము. తమిళులతోడను కన్నడిగులతోడను ఇచ్చిపుచ్చుకొనుచున్నాము. ఇంట తెలుగు మాటలాడుచున్నాము. కాని మన పిల్లలలో అనేకులు తెలుగు పలుకుదురే గాని చదువలేరు. ఇంకొక తరము గడచినచో పటముల వెనుకను, పాత దస్తావేజులలోను, పెండ్లిపత్రికలలోను, ఇత్తడిపాత్రల అంచులపైనను మన పెద్దలు వ్రాసిన పేర్లు వారికి వట్టి గీతలుగా కనబడును. చదువలేనిదానిని పారవేయుటకు ఎవ్వరును సంకోచింపరు. మా పట్టాభిషేకపు పటమే అందుకు సాక్షి.

కావున మూడు చిన్నపనులు మీ యెదుట నుంచుచున్నాము. మొదటిది: ఈ వారముననే మీ యింటి పాతపటముల వెనుక, పెట్టెలలోని పత్రములపై ఏమి వ్రాసియున్నదో చూడుడు, చదివి, ఒక పుస్తకమున ఎత్తి వ్రాసి, తేదీ వేయుడు. చదువలేనిచో సంఘమునకు తెండు; చదువగల వృద్ధులు మనలో ఇంకను కలరు. రెండవది: ఇంట ఎనుబది దాటిన పెద్దలున్నచో వారి తాతల పేర్లు, వృత్తులు, వచ్చిన ఊళ్లు అడిగి వ్రాసికొనుడు. మూడవది: మీ పిల్లలకు తెలుగు అక్షరములన్నియు ఒక్కనాడే రాకపోయినను, తమ పేరును తెలుగులో తప్పులేక వ్రాయుట మాత్రము నేర్పుడు. అందులకు నెల దినములు చాలును.

సంఘమువారికి మా మనవి యొకటి కలదు. వర్షములు పడి కొండ పచ్చబడిన తరువాత ఒక ఆదివారమున పిల్లలను కోటకొండ క్రిందికి తీసికొని పోవుదము. తంగేడును, జిల్లేడును, ఉమ్మెత్తను చూపుదము. చూచినదానిని చూచినట్లు వ్రాయుమందము. తంగేటిని తమిళ సోదరులు ఆవారమందురు గదా. బొమ్మ క్రింద రెండు భాషల పేర్లును వ్రాయింపుదము. కన్నడము వచ్చినవారు మూడవదియు వ్రాయుదురు గాక. బొమ్మలు బాగుగా వచ్చునో రావో దైవమెరుగును. కాని ప్రతి బొమ్మకును కుడివైపున, అడుగు మూలన, వ్రాసిన పిల్లవాని పేరో పిల్ల పేరో తెలుగు అక్షరములతో నుండవలెను. అది లేని బొమ్మను పుచ్చుకొనరాదని మా ప్రార్థన.

రంగయ్యకు మనము విగ్రహము నిలుపజాలము. ఆయన ముఖమెట్లుండునో మనకు తెలియదు. ఆయనకు చెల్లింపగల మర్యాద ఇదియొక్కటే.